ఎడమకాలికి పని లేని బండి

"పాత బండి యాడుందో చెప్పుండ్రి. కొత్తదాని ముచ్చట తర్వాత మాట్లాడుదం."

రుక్మిణి ఈ మాట నిన్న సాయంత్రం మానుకోటలో చెల్లెలింటి నుంచి తిరిగి రాగానే అడిగింది. రాత్రి కంచం ముందు కూర్చుని అడిగింది. తెల్లారి వాకిట్లో నిలబడి మళ్లీ అడుగుతోంది.

రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. ఇన్నేళ్లుగా ఆమె నడిపిన నీలం రంగు పికప్ ట్రక్కు లేదు. నేల మీద ఆయిల్ మరక, గోడకు ఆనించిన ఇనుప స్టాండు మిగిలాయి. మిర్చి నారు ట్రేలను అంతస్తులుగా పేర్చడానికి ఆ స్టాండును ఆమే దగ్గరుండి వెల్డింగ్ చేయించింది. దాన్ని ఓపికగా విప్పి, పక్కన పెట్టి మరీ బండిని పంపేశారు.

షెడ్డు బయట తెల్లటి కొత్త పికప్ నిలబడి ఉంది. ముందు బంతిపూల దండ. సీట్ల మీద ఇంకా తీయని ప్లాస్టిక్ కవర్లు. మనిషి ఛాతీ దాకా లేచిన బానెట్టు.

వెంకట్రాం అరుగు మీద కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా వేసుకున్నాడు. ఇవాళ తరిగొప్పులలో పార్టీ మీటింగు. నర్మెట్ట నుంచి బయల్దేరే ర్యాలీలో ముందు బండి తనది కావాలి. జెడ్పీటీసీ టికెట్ అడగబోయే మనిషి వెనక బండిలో పోతే ఏం బాగుంటుంది?

"అమ్మేసినన్న గద. భూపాలపల్లి ఆయనెవరో కొనుక్కపోయిండు. పోయినదాని గురించి ఎన్నిసార్లు అడుగుతవు?"

"అమ్మెటప్పుడు నన్నొక్క మాట అడుగొద్దా?"

"అడిగితే ఒప్పుకుందువా?"

"ఒప్పుకోనని తెలిసే, నేను ఊళ్లె లేని రోజు జూసి అమ్మిన్రన్నట్టు."

వెంకట్రాం చాయ్ గ్లాసులోకి చూశాడు.

కొడుకు సాకేత్ ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. జనగామలో ఒక ఫైనాన్స్ ఆఫీసులో పని చేస్తాడు. తల్లికీ తండ్రికీ మధ్య నిలబడ్డం అతనికి కొత్త కాదు గాని, ఇవాళ ఏ పక్క చూడాలో తెలియడం లేదు.

"అమ్మా, నీ మోకాలు జూసే జేసినం. డాక్టర్ ఏమన్నడు? క్లచ్ తొక్కుడు బంద్ జెయ్యమన్నడా లేదా? దీంట్ల క్లచ్చే లేదు. గేర్లు అదే మార్చుకుంటది. ఎడమకాలికి పనే లేదు."

"డాక్టర్ మెట్లెక్కుడు గూడ తగ్గించుమన్నడు. మరి డాబా మెట్లు అమ్మకపోయిన్రా?"

లోపల తలుపు దగ్గర కోడలు మమత నవ్వాపుకోలేక దగ్గింది.

"ఎగతాళి గాదు రుక్కమ్మా," వెంకట్రాం గొంతు పెంచాడు. "గేర్ల బండి ఎవలు నడుపుతున్నరు ఇప్పుడు? షోరూముల అడిగిన, గేర్లది ఉన్నదా అని. ఆ పిల్లగాడు నవ్విండు. పెద్ద పికప్పులల్ల గేర్లది ఇగ రాదు సార్, అడిగెటోళ్లు లేరన్నడు. నువ్వొక్కదానివి గేరు కడ్డీ పట్టుకోని కూసుంటే లోకం ఆగుతదా?"

"లోకాన్ని ఆగుమని నేనెప్పుడన్న? నా బండిని అమ్ముమని ఎప్పుడన్న?"

రుక్మిణి చీర చెంగు నడుముకు దోపుకుంది.

"సరే. నా మోకాలి కోసమే తెచ్చిన్రు. మంచిది. తాళం ఇయ్యుండ్రి. గంగారం పోవాలె. బీక్యా దున్ని, సాళ్లు తోలుకోని కూసున్నడు. నారు ముదురుతున్నది."

ఎవరూ కదల్లేదు.

సాకేత్ తండ్రి వైపు చూశాడు. వెంకట్రాం గ్లాసు కింద పెట్టాడు. 

"ఎల్లేశ్ ను డ్రైవర్ గా పెట్టిన," అన్నాడు చివరికి. "ఎల్లుండి నుంచి వస్తడు. ఎక్కడికి పోవాల్నన్నా ఆయన తోల్కపోతడు. ఈ వయసుల నువ్వు బండెక్కి ఊరూరు తిరిగే అవసరం లేదు. పది మంది పది తీర్ల అనుకుంటున్నరు."

రుక్మిణి అతని ముఖంలోకే చూసింది. బండి ఎందుకు అమ్మారని రాత్రంతా ఆమెను తొలిచిన ప్రశ్నకు జవాబు దొరికింది.

"ఎడమకాలికి పని లేదంటిరి. ఇప్పుడు కుడికాలికి గూడ లేదంటున్నరు."

---

నర్సరీ ఇంటికి ఒక్క చేను అవతల ఉంది. రుక్మిణికి ఆమె తల్లి ఇచ్చిన రెండెకరాలు అది. తల్లి చనిపోయే ముందు కొడుకుల్ని కాదని కూతురి పేర రాసింది. ఆ భూమిలో రుక్మిణి పచ్చటి నెట్టు కప్పించి, మిర్చి నారు పెంచి అమ్ముతుంది. జనగామ నుంచి మానుకోట అడవి ఊళ్ల దాకా ఆమె నారుకు పేరుంది.

నారు పనికి వచ్చే ఐలమ్మ ఇద్దరు ఆడవాళ్లతో చేను గట్టు దాటి వచ్చింది.

"పటేలమ్మా, ట్రేలన్ని గేటు బయట వెట్టినం. దేంట్ల ఎక్కియ్యాలె?"

రుక్మిణి తెల్లబండి వైపు చెయ్యి చూపించింది. "దీంట్లనే. ఆ స్టాండు అందుకోండ్రి ముందు."

"అది ర్యాలీకి పోయే బండి!" వెంకట్రాం లేచి నిలబడ్డాడు.

"ర్యాలీకి కారున్నది గద. నారుకు ఇంకోటి లేదు. ఉన్నదాన్ని మీరే అమ్మిన్రు."

రుక్మిణి కూడా చెయ్యి వేసింది; నలుగురూ స్టాండు నాలుగు కాళ్లు పట్టుకుని లేపారు. బండి వెనక తలుపు మీద ఇనుము గీసుకుంటూ పోయింది. ఆ చప్పుడుకు ఐలమ్మ ఆగిపోయింది.

"గీత వడ్డది పటేలమ్మా."

"పడనియ్యి. పని జేసే బండికి గీతలు వడ్తయి."

వెంకట్రాం ముఖం చూడకుండా ఐలమ్మ గబగబా లోపలికి తోసింది.

"తాళం నా దగ్గర లేదు," అన్నాడు సాకేత్, ఎవరూ అడక్కుండానే.

"నా దగ్గరున్నది," అంది మమత.

ఆమె గడప దాటి బయటికి వచ్చింది. ఒక చేతిలో తాళం, ఇంకో చేతిలో సద్ది టిఫిను. కాళ్లకు చెప్పులు అప్పటికే వేసుకుంది.

"మమతా, నీకెందుకు ఈ లొల్లి?" సాకేత్ గొంతు తగ్గించాడు.

"అత్తమ్మ ఒక్కతె అంత దూరం ఎట్ల పోతది? నేనూ పోత."

పొమ్మంటారా అని ఆమె అడగలేదు. తాళం అత్తగారి చేతిలో పెట్టి, అటువైపు వెళ్లి సీటెక్కి కూర్చుంది. కింద ప్లాస్టిక్ కవరు కిర్రుమంది.

నర్సరీ గేటు దగ్గర ట్రేలు ఎక్కించడం ఎంతోసేపు పట్టలేదు. పచ్చటి నారు వరసలు వరసలుగా బండి వెనక నిండింది. బయటి దారి ఇంటి ముందు నుంచే. వాళ్లు వాకిలి దగ్గరికి వచ్చేసరికి వెంకట్రాం దారికి అడ్డంగా, బానెట్టు ముందు నిలబడ్డాడు. రుక్మిణి బ్రేకు వేసి, గేరు కడ్డీ కోసం అలవాటుగా చెయ్యి చాపింది. చేతికి పొట్టి మీట ఒకటి తగిలి ఎటో జరిగింది. దాని మీద అక్షరాలు. నర్సరీ దాకా, అక్కడి నుంచి ఇక్కడి దాకా మమత చెబుతుంటే ఎలాగో తెచ్చింది గాని, ఇప్పుడు ముందుకో వెనక్కో తోచలేదు.

సాకేత్ కిటికీ దగ్గరికి వచ్చాడు. తండ్రి చూస్తున్నాడని తెలుసు. అయినా వంగి, మెల్లగా అన్నాడు.

"బ్రేక్ మీద కాలుంచి, డి లకు గుంజమ్మా. గంతే. ఇంకేం జెయ్యకు."

ఆమె లాగింది. బ్రేకు వదిలింది. ఎక్సిలరేటరు తొక్కకుండానే బండి తనంతట తాను ముందుకు నడిచింది. ఎడమకాలు దానికదే క్లచ్ కోసం లేచి, ఉన్న బలమంతా పెట్టి బ్రేకును తొక్కింది. బండి ఎగిరి ఆగింది. వెనక స్టాండు దడదడలాడింది. వెంకట్రాం ఒక్క గంతులో అరుగు మీదికి దూకాడు.

ఐలమ్మ, తక్కిన ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"కావాలని చెయ్యలే," అంది రుక్మిణి, మమతకు మాత్రం వినపడేలా.

భర్తకు మాత్రం ఆ మాట చెప్పలేదు. దారి ఖాళీ అయింది. బండి రోడ్డెక్కింది.

---

జనగామ దాటి తొర్రూరు దారి పట్టారు.

రుక్మిణి ఎడమకాలిని మడిచి సీటు కిందికి తోసింది. మలుపు వచ్చినప్పుడల్లా అది లేవబోతోంది. లేస్తే బండి మళ్లీ ఎగురుతుంది. కాలిని అదిమిపెట్టడమే ఒక పనైపోయింది.

నారు పోసిన మొదటి ఏడు, సీజను నడుమ డ్రైవర్ చెప్పాపెట్టకుండా మానేశాడు. ట్రేలల్లో నారు వాడిపోతుంటే చూస్తూ కూర్చోలేక, వరి కోసిన మడుల్లో ఆమె తనంతట తాను బండి నేర్చుకుంది. గేరు మార్చినప్పుడల్లా బండి ఆగిపోయేది. గట్ల మీద నిలబడి ఊరు నవ్వేది. ఒకరోజు మొదటి గేరు, రెండో గేరు, మూడో గేరు వరసగా పడ్డాయి. బండి ఆగలేదు. ఆ రోజు ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు. ఒక్కతే వంటింట్లో నిలబడి బెల్లం ముక్క నోట్లో వేసుకుంది.

ఇప్పుడీ బండి లారీలను దాటుతోంది. ఎత్తులెక్కుతోంది. ఆమె చెయ్యవలసిందేమీ లేదు. అన్నిటికన్నా ఒళ్లు మండిన సంగతేమిటంటే, మోకాలు నొప్పి పెట్టడం లేదు.

"మంచిగున్నదా అత్తమ్మా?" మమత అడిగింది.

"ఏముంది మంచి? కుర్చీల కూసున్నట్టున్నది."

"నాకైతే మంచిగనిపిస్తున్నది."

"నీకేం తెలుసు? నువ్వెన్నడన్నా బండి నడిపినవా?"

అన్నాక గాని ఆ మాట ఎంత కటువుగా ఉందో తనకు తెలియలేదు. మమత కిటికీ బయటికి చూస్తూ చెప్పింది.

"లైసెన్సున్నది నాకు. పెండ్లికి ముందే తీస్కున్న. మీ పాత బండి మీద ఈయన నాకు నేర్పిస్తనని ఒక రోజు కూసోబెట్టిండు. క్లచ్ సక్కగ ఇడువలేదు. బండి ఆగింది. మల్ల ఆగింది. మూడోసారి ఆగినంక, నీతోని కాదు దిగు అన్నడు. దిగిన. మల్ల ఎక్కలే."

"నాకు చెప్పకపోయినవు?"

"చెప్తే ఏమందురు? నాకు గూడ ఎవ్వలు నేర్పలే, నేనే నేర్చుకున్న అందురు."

రుక్మిణికి కోపం వచ్చింది. ఆ కోపం కోడలి మీద కాదని తెలిసినా, మాట కోడలి మీదికే వచ్చింది.

"అయితే ఏంది, గేర్లు పోయినయని సంబురమా నీకు?"

"మీ బండి పోయిందని మీకు బాధ. నాతోని అయ్యే బండి వచ్చిందని నాకు సంబురం. రెండూ నిజమే గదా అత్తమ్మా. ఒకటి అబద్ధం ఎందుకు కావాలె?"

మానుకోట వెనక్కి పోయింది. గూడూరు దాటింది. కొత్తగూడ తర్వాత టేకు చెట్లు రోడ్డుకు రెండు పక్కలా దగ్గరికి వచ్చాయి. రాత్రి కురిసిన వానకు తారు నల్లగా మెరుస్తోంది. ముందూ వెనకా బండ్లు లేవు.

రుక్మిణి బండి పక్కకు తీసి ఆపింది. తలుపు తెరిచి దిగింది. చుట్టూ తిరిగి మమత వైపు వచ్చింది.

"జరుగు."

"ఏందత్తమ్మా?"

"అటు జరుగు. లైసెన్సున్నదంటివి గదా. నారు మీద మాత్రం జర పానం వెట్టు. గుంతలల్ల ఎగురగొడితే ఊకోను."

మమత చేతులు మొదట్లో స్టీరింగును బిగించి పట్టుకున్నాయి. మెల్లగా సడలాయి. గంగారం పొలిమేర దగ్గర ఎదురుగా మేకల మంద వచ్చింది. ఆమె కంగారు పడకుండా ఆపింది. మేకలన్నీ దాటేదాకా నవ్వుతూ చూసింది. ఆ ఇంటికి కోడలై వచ్చాక మమత అంతసేపు నవ్వడం రుక్మిణి చూడలేదు.

---

"అక్కా, నీలం బండేది? ఎవలో ఆఫీసరొచ్చిండనుకోని మావోళ్లు ఇంట్లకు పోయిన్రు!"

బీక్యా గంగారంలో మిర్చి వేసే రైతు. చేను గట్టు మీదే ట్రేలు దించుకుంటూ ఒక్కో మొక్కనూ వేలితో తట్టి చూశాడు. నారు పచ్చగా, కుదురుగా ఉంది. తోవలో ఒక్కటీ వాలలేదు. పక్క చేనువాళ్లు కూడా వచ్చి వచ్చే వారానికి తమకూ కావాలన్నారు. తప్పకుండా తెస్తానని రుక్మిణి మాటిచ్చింది.

అప్పుడే ఫోను మోగింది. కొత్త నంబరు. చేతులకు మట్టి ఉండడంతో మమత ఎత్తి స్పీకరులో పెట్టింది.

"అమ్మా, నా పేరు రాజమల్లు. భూపాలపల్లి నుంచి మాట్లాడుతున్న. మీ బండి కొన్నది నేనే. ఎనుక తలుపు మీద మీ పేరు, నంబరు రాసున్నది. అది జూసి చేస్తున్న. ఏమనుకోకుండ్రి."

రుక్మిణి ఫోను దగ్గరికి జరిగింది.

"చెప్పన్నా."

"మూడో గేరు పడ్తలేదమ్మా. నేను బొగ్గు గనుల కాడ ఏండ్లకేండ్లు డంపర్ తోలినోన్ని. నా చేతికే లొంగుతలేదు. కరకరమంటున్నది. ఎట్ల ఏస్తరు మీరు?"

"రెండు నుంచి సక్కగ మూడుకు కొట్టకు. నడుమకు తెచ్చి జరసేపు ఇడిశిపెట్టు. కడ్డీని గట్టిగ పట్టకు. రెండు వేళ్లతోని ముందుకు అను. అదే పోతది."

"ఆగుండ్రి, తోలుతనే ఉన్న. సూస్త."

ఫోనులో ఇంజను శబ్దం పెరిగింది. గరగరమనే ఆ గొంతు ఆమె బండిది. ఎన్ని వానల్లో, ఎన్ని మట్టి బాటల్లో విన్న గొంతు! శబ్దం ఒక్క క్షణం సన్నగిల్లింది. తర్వాత నిండుగా, సాఫీగా లేచింది.

"పడ్డదమ్మా! వెన్నలోలె పడ్డది!"

రుక్మిణి కళ్లు చెమర్చాయి. మోచేత్తో తుడుచుకుంది.

"మంచి బండమ్మా. నేను ఆర్నెల్ల సంది దేవులాడుతున్న గేర్ల బండి కోసం. ఇక్కడ కొత్తయన్ని ఆటోమేటిక్కే వస్తున్నయి. నా తోటి డ్రైవర్లు నవ్వుతున్నరు, ఇంకా గేర్లేందిరా అని. నవ్వనియ్యి. కడ్డీ చేతిల లేకపోతే నాకు బండి నడిపినట్టే ఉండదు. సరే అమ్మా, ఆదివారం వస్త గదా. అప్పుడు కలుద్దం."

"ఆదివారం ఏముంది?"

"నెట్టు, పైపులు జూడనీకి. మా బామ్మర్ది కూరగాయలు పెడ్తనన్నడు. మీరు నర్సరీ ఎత్తేస్తున్నరని, అన్నీ అమ్ముతరని సార్ చెప్పిండు..."

బీక్యా ట్రే పట్టుకుని అలాగే ఆగిపోయాడు. రుక్మిణి మమత వైపు చూసింది. మమత తల దించుకుంది.

"అమ్మా? ఉన్నరా?"

"ఉన్న. రాజమల్లన్నా, ఆదివారం రా. బండి తీస్కోనే రా. నెట్టు అమ్మను. పైపులు అమ్మను. నారు గంగారం తేవాలె, దానికి రా. ఎవలైనా ఎట్ల కిరాయిస్తరో నేనూ గట్లనే ఇస్త. వస్తవా?"

రాజమల్లు గొంతు తగ్గించాడు.

"మరి సార్..."

"నర్సరీ నాది. సార్ ది గాదు. వస్తవా, రావా?"

"వస్తనమ్మా. మూడో గేరు చెప్పినోళ్లకు రానని ఎట్లంట? ఇంకోటి... ఎనుక మీ పేరు చెరిపిద్దమని పెయింటర్ను పిలిపించిన. చెరపమందునా?"

"చెరపకు."

---

తిరుగు దారిలో స్టీరింగు రుక్మిణి చేతిలోనే ఉంది. అడవి దాటింది. సద్ది టిఫిను మూత తియ్యనే లేదు.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"పోయిన నెల నుంచి."

"నెల!"

"మీరు మానుకోటకు పోయినప్పుడే చెప్దామనుకున్న, ఫోన్ల. చేతగాలే."

"ఏం తెలుసో అంత చెప్పు. ఒక్క ముక్క దాయకు."

మమత కొంగు చివర వేలికి చుట్టుకుంటూ చెప్పింది. నర్సరీ పక్క భూముల్లో ఎవరో వెంచరు వేస్తున్నారు. ప్లాట్లకు రోడ్డు ఈ రెండెకరాల్లోంచి పోతేనే గిట్టుబాటు. ఆ భూమి ఇప్పిస్తే టికెట్ సంగతి తాము చూసుకుంటామని వెంకట్రాంకు మాటిచ్చారు. భూమి రుక్మిణి పేరు మీద ఉంది. అడిగితే సంతకం పెట్టదని అందరికీ తెలుసు.

"మామయ్య ఏమన్నడో తెలుసా? బండి లేకపోతే ఆమె నారు ఊళ్లకు చేరది, చేరకపోతే కొనెటోళ్లు తప్పుకుంటరు, రెండేండ్లు జాగ పడావు పడితె ఆమెనే సంతకం పెడ్తది అన్నడు. అరుగు మీద కూసోనే అన్నడు. నేను చాయ్ ఇయ్యనీకి పోయిన."

"సాకేత్?"

"ఆయనకు మోకాలి సంగతే తెలుసు. వెంచరు సంగతి తెల్వదు. మీ నొప్పి జూసి, ఆయన నిజంగనే షోరూముల చుట్టూ తిరిగిండు."

ఆ మాటకు రుక్మిణికి కొడుకు మీద ప్రేమ పొంగింది. అంతలోనే కోపం దాన్ని మింగేసింది.

"నువ్వు చెప్పి ఉంటే బండి పోకుండె."

"నిజమే."

"నా బువ్వ తిని, నా పక్కన కూసోని, నెల దినాలు ఎట్ల ఊకున్నవు?"

"కొట్లాట నావల్ల వచ్చిందంటరని భయపడ్డ. ఎవలన్నా నన్నే అందురు. అత్తా మామల నడుమ కోడలు పుల్ల పెట్టిందందురు." మమత ఏడవలేదు. సూటిగా రోడ్డు వైపు చూస్తూ అంది. "తప్పే. తిట్టుండ్రి. గని పొద్దున తాళం తెచ్చిచ్చిన గదా. అది గూడ నేనే."

రుక్మిణి తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. తొర్రూరు దాటింది. జనగామ చేరే ముందు, రోడ్డు మీద చూపు తిప్పకుండానే, ఎడమ చేత్తో టిఫిను కోడలి వైపు జరిపింది.

"తిను. పొద్దటి సంది ఏం తినలే."

---

పొద్దుగూకే వేళకు నర్సరీ దగ్గరికి చేరారు.

ఐలమ్మ, తక్కిన ఆడవాళ్లు గేటు బయట నేల మీద కూర్చుని ఉన్నారు. బండి చూడగానే ఐలమ్మ లేచి ఎదురొచ్చింది.

"పటేలమ్మా, మీరటు పోంగనే పటేలు వచ్చి మమ్మల్ని బయటికి నడువుమన్నడు. గేటుకు తాళమేసిండు. మోటరు లోపల్నే ఉన్నది. పొద్దటి సంది సుక్క నీళ్లు పోయలే. ఇయ్యాల ఎండ గూడ మస్తు గొట్టింది."

రుక్మిణి దిగి గేటు దాకా నడిచింది. ఇనుప గేటుకు పెద్ద కొత్త తాళం. గేటు ఊచల్లోంచి చూసింది. నెట్టు కింద మడుల నిండా లేత నారు. నాలుగాకులు వేసిన పసిమొక్కలు. ముందు వరసల్లోవి అప్పటికే తలలు వాల్చాయి. వచ్చే వారం బీక్యా పక్క చేనువాళ్లకు ఇస్తానన్న నారు అది.

ఫోను తీసి భర్తకు కలిపింది.

"వచ్చినవా?" వెంకట్రాం గొంతు నిదానంగా ఉంది. వెనక ఎవరో నలుగురు మాట్లాడుకుంటున్నారు. "ర్యాలీల నా ఇజ్జత్ తీసినవు. కొత్త బండేది పటేలా అని అందరు అడిగిన్రు."

"తాళంచెవి పంపుండ్రి. నారు చస్తున్నది."

"పంపుత. ఇంటికి రా ముందు. పెద్ద మనుషులున్నరు. ఒక్క కాయితం మీద సంతకం పెడ్తనను, ఈ నిమిషమే పంపుత."

"వెంచరు కాయితమా?"



"ఎవలు చెప్పిన్రు నీకు?" అన్నాడు వెంకట్రాం.

రుక్మిణి వెనక్కి తిరిగి చూసింది. మమత బండి పక్కన నిలబడి అంతా వింటోంది. ముఖం పాలిపోయింది. అయినా చూపు తిప్పుకోలేదు.

"ఎవలు చెప్తే ఏంది? అబద్ధమా?"

"మీద మీద ఒర్రకు. రేపు పొద్దున మాట్లాడుదం. ఒక్క రాత్రికి నారేం గాదు."

"నారుకు రాత్రి పగలు నువ్వు నేర్పుతవా నాకు?"

పెళ్లయిన ఇన్నేళ్లలో భర్తను ఆమె 'నువ్వు' అనడం అదే మొదలు. ఐలమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"నువ్వు ఆ అరుగు మీదనే కూసో," అంది రుక్మిణి. "లేవకు. సప్పుడు అక్కడికే ఇనవడ్తది."

ఫోను పెట్టేసి బండెక్కింది. మమత పరుగున వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

"దిగు. నువ్వు నాతోని ఉంటే రేపు నిన్ను గూడ అంటరు."

"అననియ్యుండ్రి," అంటూ మమత సీటు బెల్టు లాగి పెట్టుకుంది.

"ఐలమ్మా, అందరు పక్కకు జరుగుండ్రి!"

బండి దీపాలు వెలిగాయి. తెల్లటి వెలుగులో కొత్త తాళం మెరిసింది. అదే క్షణాన ఇంటి వైపు నుంచి ఒక బైకు చేను గట్టు మీద ఎగురుకుంటూ వస్తూ కనిపించింది. సాకేత్. ఒక చెయ్యి పైకెత్తి ఏదో అరుస్తున్నాడు. ఆగమంటున్నాడో, తాళంచెవి తెస్తున్నాడో ఇంజను హోరులో తెలియలేదు.

"అత్తమ్మా, ఆయన..."

"చూసిన," అంది రుక్మిణి.

బ్రేకు మీది నుంచి కాలు తీసింది. బండి తనంతట తాను గేటు వైపు నడిచింది.